ఖాళీ పడ్డ పాత ఆఫీసు బిల్డింగ్‌ని కో-లివింగ్ ఇల్లుగా మార్చాలంటే: మంచాలు కాదు, ముందు కిటికీలు లెక్కపెట్టండి

లక్డీకాపూల్ నుంచి పంజాగుట్ట దాకా ఒకసారి తలెత్తి చూసుకుంటూ నడవండి. పై అంతస్తుల అద్దాల వెనక "టు లెట్" బోర్డులు ఎండకు వెలిసిపోయి కనిపిస్తాయి. ఒకప్పుడు ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసో, బ్యాంకు జోనల్ ఆఫీసో ఉన్న బిల్డింగులు అవి. కంపెనీలు మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్లిపోయాయి, ఇవి ఇక్కడే ఉండిపోయాయి. అదే రోడ్డు వెనక సందుల్లోకి వెళ్తే ఉద్యోగాల కోసం, కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని బతుకుతుంటారు. మెట్రో 2017 నవంబరులో మొదలైంది కదా, ఈ రోడ్డు మీద ఉండేవాళ్లు అమీర్‌పేటలో రైలు మారితే బండి లేకుండానే రాయదుర్గం చేరిపోతారు. నీళ్లు, డ్రైనేజీ, కరెంటు, బస్సు అన్నీ ఉన్న చోట కట్టి ఉన్న బిల్డింగ్ ఖాళీగా ఉండటం, ఊరి చివర పొలాల్లో కొత్త టవర్లు లేవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మీ చేతిలో అలాంటి బిల్డింగ్ ఉన్నా, లీజుకి తీసుకునే ఆలోచనలో ఉన్నా ఇది చదవండి. కో-లివింగ్ అంటే మనిషికొక సొంత గది, వంటగది, హాలు మాత్రం అందరికీ ఉమ్మడి. హైదరాబాద్ లెక్కలే చెప్తున్నాను. విజయవాడ గవర్నర్‌పేటలోనో, విశాఖ ద్వారకానగర్‌లోనో అయితే తేడా ఎక్కడ వస్తుందో అక్కడక్కడ చెప్తాను.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, చదువయ్యాక ఏడాదిన్నర అమీర్‌పేటలో ఒక హాస్టల్లో ఉన్నాను. అది కూడా పాత ఆఫీసు ఫ్లోరే. హాలుని ప్లైవుడ్‌తో పెట్టెల్లా కోసి అద్దెకిచ్చారు. నా పెట్టెకి కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను కారిడార్‌లోకే తిరిగేది. ఉతికిన టవల్ మూడు రోజులైనా ఆరేది కాదు, ముక్కిన వాసన కొట్టేది. పొద్దున్న అయిందో లేదో ఫోను చూస్తే తప్ప తెలిసేది కాదు. హాస్టల్ మూసేసేటప్పుడు రెండు నెలల అడ్వాన్సు కూడా తిరిగివ్వలేదు. అందుకే నేను ఏ బిల్డింగ్ చూడటానికి వెళ్లినా మొదట అడిగేది అద్దె కాదు, కిటికీలెన్ని అని.

ఎందుకు ఖాళీగా ఉందో ముందు తెలుసుకోండి

మంచి సెంటర్లో ఉన్న బిల్డింగ్ ఏళ్ల తరబడి ఖాళీగా ఉందంటే కారణం ఉంటుంది. ఎక్కువసార్లు అది అన్నదమ్ముల పంపకాల కేసు. కొన్నిసార్లు స్థలం వక్ఫ్‌దో దేవాదాయ శాఖదో అయి ఉంటుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం తీయించండి, 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించండి, నిషేధిత జాబితాలో, అంటే 22-ఏ లో సర్వే నంబరు ఉందేమో చూడండి. తర్వాత శాంక్షన్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. ప్లాన్‌లో నాలుగు అంతస్తులుండి, ఎదురుగా ఐదు కనిపిస్తే ఆ ఐదోదాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. "రెగ్యులరైజేషన్‌కి 2015లోనే అప్లై చేశాం సార్" అంటూ ఒక రసీదు చూపిస్తారు. దరఖాస్తు రసీదు పర్మిషన్ కాదు.

ఆఫీసుని నివాసంగా మార్చడానికి వినియోగ మార్పు అనుమతి కావాలి. దానికి అప్లై చేసే పోర్టల్ తెలంగాణలో బిల్డ్‌నౌ, ఆంధ్రలో డీపీఎంఎస్, రెండూ ఆన్‌లైనే. సాధారణంగా కమర్షియల్ జోన్‌లో నివాసానికి అభ్యంతరం ఉండదు కానీ మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు దేనికింద ఉందో, రోడ్డు వెడల్పుకి మీ జాగా ఎంత పోతుందో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఈ వెడల్పు విషయం ఇంకో రకంగా కూడా ముఖ్యం. పాతది కూల్చి కొత్తది కట్టాలనుకుంటే ఇప్పటి రూల్స్ ప్రకారం సెట్‌బ్యాకులు, అంటే బిల్డింగ్ చుట్టూ ఖాళీ జాగా వదలాలి, రోడ్డుకి పోయే జాగా ఇచ్చేయాలి. పాత సెంటర్లలోని చిన్న ప్లాట్లలో ఇలా వదిలాక మిగిలేది చూస్తే చాలామంది కూల్చే ఆలోచనే మానుకుంటారు. అసలు కూల్చకపోవడమే పర్యావరణానికి మీరు చేసే పెద్ద మేలు కూడా. బిల్డింగ్ కట్టేటప్పుడు పడే కార్బన్ భారం ఎక్కువగా సిమెంటు, స్టీలులోనే ఉంటుంది, అదంతా ఆ పిల్లర్లలో ఇప్పటికే పోసి ఉంది.

పిల్లరు ఆరోగ్యం

పిల్లర్లు బాగుంటేనే ఉంచుకోవడం గురించి మాట్లాడాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ టెస్టులు, అనుమానమున్న చోట కోర్, అంటే కాంక్రీటు ముక్క తీయించి టెస్టు చేయించండి. ఇంకొకటి, చవకైనది, మీ కళ్లముందే జరిగేది ఉంది. పాత టాయిలెట్ల పక్క పిల్లరు దగ్గర కొంచెం పెచ్చు కొట్టి, అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ స్ప్రే చేస్తారు. గులాబీ రంగు తిరిగితే కాంక్రీటులో ఇంకా క్షారగుణం ఉంది, లోపలి ఇనుముకి రక్షణ ఉంది. రంగు మారకుండా బూడిదగానే ఉండిపోతే ఆ లోతు వరకు కాంక్రీటు తన రక్షణ పోగొట్టుకుందని అర్థం. రంగు లేని ఆ పొర కమ్మీ దాకా వెళ్లిందంటే తుప్పు మొదలైనట్టే అనుకోండి. నేను చూసిన ఒక బిల్డింగ్‌లో పైనుంచి కింద దాకా పిల్లర్లన్నీ గులాబీగా మెరిశాయి, ఒక్క టాయిలెట్ మూల పిల్లరు తప్ప. రిపేరు కూడా ఆ ఒక్కదానికే సరిపోయింది.

బరువు విషయంలో ఆఫీసు బిల్డింగులు మనకి కలిసొస్తాయి. ఐఎస్ 875 ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల బరువు పట్టుకుంటే, ఆఫీసుకి 250 నుంచి 400 దాకా పట్టుకుంటారు. అంటే స్లాబు మీద కొంత మిగులు ఉంటుంది. ఆ మిగులుని ఎర్ర ఇటుక గోడలతో తినేయకండి. క్యూబిక్ మీటరు ఇటుక గోడ 1,800 కిలోలు తూగుతుంది, గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకు అయితే 550 నుంచి 650. గోడలన్నీ బ్లాకులతో కట్టించండి, అప్పటికీ కొత్త గోడల ప్లాన్ ఇంజినీరు చూసి సంతకం పెట్టాకే మేస్త్రిని పిలవండి.

కిటికీల లెక్క

అసలు విషయం ఇది. ఆఫీసు ఫ్లోరు లోతుగా ఉంటుంది, నడిమధ్యకి వెలుతురు రాదు. ట్యూబ్‌లైట్లు ఉంటాయి కాబట్టి ఆఫీసుకి ఇబ్బంది లేదు. మనిషి పడుకుని లేచే చోటుకి అలా కుదరదు. ఒక బిల్డింగ్ చూపిస్తూ అక్కడి వాచ్‌మన్ నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "నడుమల్లకి పోతే పగటిపూట గూడ లైటెయ్యాలె సార్." ఆ నడుమలో గది వేయకూడదు, అంతే. కిటికీకి 7.5 మీటర్ల కంటే దూరంగా ఉన్న భాగానికి వెలుతురు అందినట్టు లెక్కలోకి తీసుకోవద్దని నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెప్తుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఫ్లోరు 60 అడుగులు × 80 అడుగులు. రోడ్డు వైపు 60, లోపలికి 80, రెండు పొడవు పక్కలా కిటికీలు ఉన్నాయి, వెనక పక్కింటి గోడ. రోడ్డు వైపు మొదటి 20 అడుగులు ఉమ్మడి వంటగదికి, కూర్చునే హాలుకి వదిలేయండి. అక్కడ హారన్ల గోల ఉంటుంది, పడకకి పనికిరాదు, నలుగురు కూర్చుని తినడానికి మాత్రం రోడ్డు కనిపించే చోటే బాగుంటుంది. మిగిలిన 60 అడుగుల్లో రెండు పక్కలా పదేసి అడుగుల వెడల్పున ఆరేసి గదులు వస్తాయి. ఒక్కో గది 16 అడుగుల లోతు, అందులో 5 × 6 బాత్రూమ్. గోడలు పోను పడక భాగానికి 110 చదరపు అడుగుల పైన మిగులుతుంది. కోడ్ అడిగే కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులు. సరిపోయింది. ఫ్లోరుకి 12 గదులు, నాలుగు ఫ్లోర్లకి 48. మనిషికొక గది, తలుపు వేసుకుంటే తన సొంతం అనిపించే గది.

నడుమ మిగిలే చీకటి పట్టీలో కారిడార్లు, మెట్లు, లిఫ్టు, వాషింగ్ మెషీన్లు, సూట్‌కేసులు పెట్టుకునే స్టోరు వస్తాయి. ఇంకా కుదిరితే టెర్రస్ నుంచి కింది దాకా, బీముల మధ్య ఉన్న ఒక స్లాబు ముక్క తీసేసి వెలుతురు బావి తెరవండి. బీముని మాత్రం ముట్టుకోకూడదు, కోసేముందు ఇంజినీరు లెక్క చేతిలో ఉండాలి. ఒక ముక్క జాగా పోతుందని ఓనరు గొణుగుతాడు. కానీ దాంతో కారిడార్‌లో పగలు లైటు అక్కర్లేదు, వేడి గాలి పైకి పోతుంది, నాలుగో ఫ్లోరు వాళ్లు పిలిస్తే రెండో ఫ్లోరులో వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ కిటికీ తెరుచుకుంటుందా అని చూడండి. ఆఫీసు అద్దాలు చాలావరకు ఫిక్స్ చేసినవి. ఇళ్లలో కరెంటు ఆదా కోసం ఉన్న కోడ్ ఎకో నివాస్ సంహిత ప్రకారం హైదరాబాద్ లాంటి వాతావరణంలో నేల వైశాల్యంలో 12.5 శాతం తెరుచుకునే ఖాళీ ఉండాలి, తేమ ఎక్కువున్న కోస్తా ఊళ్లకి అది 16.66 శాతం. మన గదికి లెక్కేస్తే హైదరాబాద్‌లో సుమారు నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ పూర్తిగా తెరుచుకోవాలి. స్లైడింగ్ పెడితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది కాబట్టి రెక్క కిటికీలే పెట్టించండి. పడమటి వైపు సజ్జా లేకపోతే మే నెలలో ఏసీ ఎంత తిప్పినా గది చల్లబడదు, అందుకని సజ్జానో బయట జాలీనో తప్పనిసరి. ముందు గోడకి అందం కోసం బిగించే ఏసీపీ (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరల) షీట్లు ఉంటే పీకేయండి, నిప్పంటుకుంటే అవి మంటని ఫ్లోరు నుంచి ఫ్లోరుకి మోస్తాయి. పీకిన చెత్త నాలాలోనో చెరువు పక్కనో పడకుండా చూసుకోండి. ఆ శిథిలాలను రీసైకిల్ చేసే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి.

నీళ్లు

"ఆఫీసుకి పెట్టిన నీళ్లు ఇళ్లకి చాలవు" అని అందరూ భయపెడతారు. లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్లు, నివాసంలో 135 లీటర్లు పట్టుకుంటారు. పైన చెప్పిన నాలుగు ఫ్లోర్లలో నిండుగా ఆఫీసు నడిస్తే, 10 చదరపు మీటర్లకి ఒకరు చొప్పున దాదాపు 178 మంది, అంటే 8,000 లీటర్లు. మన 48 మందికి 6,480 లీటర్లే. ఆఫీసు కంటే తక్కువ! అదే గదికి మూడు మంచాలు వేశారనుకోండి, 144 మందికి 19,440 లీటర్లు కావాలి. సంపు చాలదు, నల్లా చాలదు, వేసవిలో ట్యాంకర్ల వెంట పరుగులు, టెన్షన్. కిటికీలు లెక్కపెట్టి గదులు వేసిన బిల్డింగ్‌కి నీళ్లు వాటంతట అవే సరిపోతాయి.

ఇబ్బంది నీళ్ల పరిమాణంలో లేదు, పైపుల్లో ఉంది. ఆఫీసులో ఒక మూల రెండు టాయిలెట్లు ఉంటాయి, మనకి ఫ్లోరుకి పన్నెండు బాత్రూములు కావాలి, పైగా అందరూ పొద్దున్న ఏడు, తొమ్మిది మధ్యే స్నానం చేస్తారు. ఆఫీసు స్లాబుల్లో బాత్రూమ్ కోసం దించిన భాగం ఉండదు. అందుకని పక్క పక్క గదుల బాత్రూములని వీపులు ఆనించినట్టు జతలుగా పెట్టండి, రెండింటికీ పైపులు దిగే నిలువు సందు, అంటే షాఫ్టు ఒకటి, ఫ్లోరుకి ఆరు షాఫ్టులు. ఆఫీసు ఫ్లోర్ల ఎత్తు మామూలు ఇళ్ల కంటే ఎక్కువ ఉంటుంది కనుక పైపుల్ని కింది ఫ్లోరు బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్‌లో నడపొచ్చు. గోడకి బిగించే కమోడ్లు పెడితే స్లాబుకి పెట్టే చిల్లులు తగ్గుతాయి. ప్రతి బాత్రూమ్‌లో టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నింపి వదిలేయండి. మేస్త్రి "ఒక్క పూట చాలు సార్" అంటాడు. వినకండి. రెండో రోజు సాయంత్రం కింది ఫ్లోరుకి వెళ్లి సీలింగ్‌ని అరచేత్తో తడిమి చూడండి.

ఎలాగూ పైపులన్నీ కొత్తవే కాబట్టి ఫ్లష్‌కి వేరే లైను ఇప్పుడే వేసేయండి. ఆ 135 లీటర్లలో 45 ఫ్లష్‌కే పోతాయి. స్నానాల నీళ్లని చిన్న ప్లాంటులో శుభ్రం చేసి ఫ్లష్‌కి పంపితే 48 మందికి రోజూ రెండు వేల లీటర్ల పైగా మిగులుతాయి. తర్వాత వేద్దాంలే అనుకుంటే మళ్లీ టైల్స్ పగలగొట్టాలి, ఎవరూ వేయరు.

పైన టెర్రస్‌కి చల్లని తెల్లపూత వేయించండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ పెద్ద ప్లాట్లలోని ఇళ్లకి దీన్ని తప్పనిసరి చేసింది కూడా. సోలార్‌కి కిలోవాటుకు వంద చదరపు అడుగులు పడుతుంది, మన దగ్గర రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. 15 కిలోవాట్లు పెట్టినా లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్ల భారం చాలావరకు దిగిపోతుంది. బట్టలారేసుకునే తీగలకి మాత్రం జాగా వదలండి, టవల్ ఎండలో ఆరాలి.

మంటలు

ఈ ముక్క దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో 8 మంది చనిపోయారు. ఆరు నెలలకే, 2023 మార్చిలో, అదే సికింద్రాబాద్‌లో ఒక పాత కమర్షియల్ కాంప్లెక్స్‌లో పొగ కమ్మి ఆరుగురు పిల్లలు పోయారు, ఇరవైల్లో ఉన్నవాళ్లు, ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. మనం ఇల్లు కడుతున్నది సరిగ్గా అలాంటి పిల్లలకే.

నివాస భవనం ఎత్తు 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ కావాలి, కమర్షియల్‌కి 15 మీటర్ల నుంచే. మీ బిల్డింగ్‌ని ఏ కేటగిరీ కింద చూస్తారో ముందే అడగండి. ఎత్తు తక్కువని ఎన్‌ఓసీ అక్కర్లేకపోయినా కొన్ని పనులు మాత్రం చేసి తీరాలి. రెండో మెట్లదారి ఉండాలి, లేకపోతే వెనక పక్క ఇనుప మెట్లు కట్టించండి. మెట్లదారికి ప్రతి ఫ్లోరులో నిప్పు ఆపే తలుపు, దానంతట అది మూసుకునేది. పైపుల షాఫ్టు స్లాబుని దాటే ప్రతిచోటా సందులు పూర్తిగా మూయించాలి, పొగ పైకి పోయేది ఆ దారినే. కిటికీలకి ఊచలు పెడితే లోపల్నుంచి తెరుచుకునే ఊచలే పెట్టండి. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ సెల్లార్‌లో కాదు, బయట ఆరుబయలులో. టెర్రస్ తలుపుకి తాళం వేయకూడదు. గ్యాస్ సిలిండర్లు ఫ్లోర్లలోకి ఎక్కనీయకండి, వంటగదుల్లో ఇండక్షన్ పెట్టేస్తే ఆ గొడవే ఉండదు.

కలిసి ఉండటం

ఒక వంటగదికి పన్నెండు మంది. రెండు సింకులు, నాలుగు పొయ్యిలు, ఎవరి అర వారికి తాళంతో. శాకాహారుల పొయ్యి, ఫ్రిజ్ వేరుగా పెడితే సగం తగువులు రావు, ఇది మన ఊళ్లలో పెట్టి తీరాల్సిన ఏర్పాటు. ఊరి నుంచి అమ్మ పంపిన ఆవకాయ జాడీ పెట్టుకోవడానికి ఒక అర ఉంటే ఆ గది ఇల్లవుతుంది. మీరే మెస్ నడిపితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, మొత్తం నడపడానికి కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. ఆస్తిపన్ను, కరెంటు, నల్లా బిల్లులు ఏ కేటగిరీలో వేస్తారో పెట్టుబడికి ముందే కాగితం మీద తెచ్చుకోండి, డొమెస్టిక్, కమర్షియల్ మధ్య తేడాకే మీ అద్దె లెక్క తారుమారవుతుంది. జీఎస్టీలో ఒక వెసులుబాటు ఉంది: 2024 జూలై 15 నుంచి, మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్లకి ఇచ్చే వసతికి మినహాయింపు ఇచ్చారు. అందుకే వారానికీ రోజుకీ ఇచ్చే ఆలోచన వదిలేసి మూడు నెలలకి తక్కువ కాకుండా అగ్రిమెంటు రాయండి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులోనే అంకెల్లో రాయండి, ఆ డబ్బు వేరే ఖాతాలో ఉంచండి.

చివరిగా ఒక పని. మొదటి గది పూర్తయ్యాక మిగతా 47 మొదలుపెట్టకుండా ఒక రాత్రి మీరే అందులో పడుకోండి. మేం చేసిన బిల్డింగ్‌లో నేను పడుకున్నాను. పై ఫ్లోరులో ప్లంబర్ చేత అర్ధరాత్రి ఫ్లష్ చేయిస్తే షాఫ్టులో నీళ్లు తల పక్కనే దూకినట్టు వినిపించింది. పైపుకి గ్లాస్‌వూల్ చుట్టించాం, మంచం అవతలి గోడకి మార్చాం. తలుపు కింద సందులోంచి కారిడార్ లైటు దిండు మీద పడుతోంది, రబ్బరు పట్టీ వేయించాం. పొద్దున ఆరున్నరకి తూర్పు కిటికీలోంచి ఎండ నేల మీద సగం దాకా వచ్చింది. అది ఆగిన చోట చాక్‌పీసుతో గీత గీశాను, చదువుకునే బల్ల ఆ వైపు గదులన్నింటిలో ఆ గీత దగ్గరే పెట్టించాం.